చూడని ఎలుగుబంటి

ఆ ఊళ్ళో ఒక్కసారైనా రక్తపరీక్ష చేయించుకున్న ప్రతివాళ్ళకూ సూదమ్మ తెలుసు. పెద్దాసుపత్రి వెనక సందులో, మెట్లెక్కగానే ఎడమవైపు ఉన్న ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఎప్పుడో ఒక చిన్నపిల్ల ‘సూదమ్మ వద్దు, సూదమ్మ వద్దు’ అని మెట్ల మీదే ఏడుపు లంకించుకున్నప్పటి నుంచి ఆ పేరే స్థిరపడిపోయింది. ఆవిడ చెయ్యి తేలిక. నరం దొరకని ముసలివాళ్ళకు కూడా ఒక్క పోటుతో పని ముగించేది. అంతకన్నా గొప్ప పేరు ఇంకొకటుంది. ఆవిడ సంతకం పెట్టిన రిపోర్టంటే రాతి మీద గీత. గొట్టం మీద చీటీ తడిసి ఒక్క అంకె అలికినట్టున్నా సరే, ఆ రక్తం పారబోసి, మనిషిని మళ్ళీ పిలిపించి, వాళ్ళచేత నాలుగు తిట్లు తిని మరీ ఇంకోసారి తీసేది. ‘అనుమానమున్న చోట సంతకం పెట్టను’ అనేది. అలాంటి మనిషి కాబట్టే ఆ తర్వాత జరిగింది అంత దూరం వెళ్ళింది.

నలభై రెండో ఏట తన రక్తం తనే పరీక్షించుకుని, చక్కెర గీత దాటబోతోందని తెలిసి, పరుగు మొదలుపెట్టింది. ఊరి చివర గుట్టల అడవిలో ఆదివారం ఆదివారం ఓ పాతికమంది పరుగెత్తుతుంటారు. బళ్ళో పిల్లలచేత కసరత్తులు చేయించి రిటైరైన డ్రిల్లు మాస్టారు వాళ్ళకు పెద్దదిక్కు. మొదటి రెండు నెలలూ సూదమ్మకు తన ఆయాసం తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఊపిరి చెప్పినమాట వినడం మొదలయ్యాక అడవి వినిపించింది. ఎండుటాకుల్లో సన్నగా గరగరమంటే తొండ, ఆగి ఆగి గరగరమంటే ముంగిస. వడ్రంగిపిట్ట చప్పుడు విని అది పచ్చి చెట్టును కొడుతోందో ఎండిన మాను కొడుతోందో చెప్పేది. బురదలో గిట్టల గుర్తు కనిపిస్తే వంగి, వేలితో కొలిచి, లేడిదా పందిదా తేల్చుకుని గానీ కదిలేది కాదు. ఇంటికి రాగానే ఆ రోజు చూసినవన్నీ పాత రిజిస్టరులో తేదీ వేసి రాసుకునేది.

ఆమెతో పాటు ఆమె ఆడపడుచు కూడా పరుగుకు వచ్చేది. పోస్టాఫీసులో ఉత్తరాలు పేటలవారీగా విడదీసే పని ఆమెది. వదిన కన్నా రెండేళ్ళు చిన్న, మనిషి గలగలా మాట్లాడుతుంది. ‘మా వదిన పరుగెత్తడానికి రాదండీ, జనాభా లెక్కలకి వస్తుంది’ అని అందరి ముందూ ఆటపట్టించేది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు, ఒకే వేగం. ఏటా వానలు వెనకబట్టాక జరిగే పద్దెనిమిది కిలోమీటర్ల పందెంలో, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళ వరసలో ఒకసారి ఈమె నాలుగు ఆమె అయిదు, ఇంకోసారి ఆమె నాలుగు ఈమె అయిదు. మెడల్ మూడో స్థానం దాకానే ఇస్తారు. ‘ఇంట్లో ఏదో ఒక మెడకి పడాలి వదినా, నీదైనా నాదైనా ఒకటే’ అనేది ఆడపడుచు.

ఆ ఏడు పందెంలో పదకొండో కిలోమీటరు దగ్గర సూదమ్మకు పిక్క పట్టేసింది. అక్కడ దారి ఎండిన వాగును దాటి కొండెక్కుతుంది. కొండ మీద గుడారంలో ఇద్దరు కూర్చుని వచ్చినవాళ్ళ నంబర్లు రాసుకుంటారు. అక్కణ్ణుంచి చుట్టూ తిరిగి, నాలుగు కిలోమీటర్ల తర్వాత దారి మళ్ళీ అదే వాగును కింద కలుస్తుంది. సూదమ్మ వాగు ఒడ్డున బండ మీద కూలబడి పిక్క నలుపుకుంటుంటే ఆడపడుచు వెనక నుంచి వచ్చి ఆగింది. ఫర్వాలేదు, నువ్వు పద, నీ పందెం చెడగొట్టుకోకు అని సూదమ్మే తరిమింది. ఆమె రెండుసార్లు వెనక్కి చూసి కొండెక్కింది.

వాగులో ఒక మడుగు ఇంకా ఎండలేదు. దాని మీదికి వంగిన కొమ్మన లకుముకిపిట్ట కూర్చుని ఉంది. చూస్తుండగానే రాయి పడ్డట్టు నీళ్ళలో పడి, చేపతో లేచి, దాన్ని కొమ్మకేసి టపటపా కొట్టి మింగింది. సూదమ్మ నొప్పి మరిచిపోయి చూసింది. పిట్ట వాగు వెంబడే కిందికి ఎగిరి మలుపు తిరిగింది. ఆ మలుపు దాటితే రెండొందల అడుగుల్లో అవతలి దారి వస్తుందని ఆమెకు తెలుసు. పిక్క సర్దుకుంది. కొండెక్కవచ్చు. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా, ఆ క్షణంలో తన మనసు ఏమందో ఆమెకు గుర్తుకు రాలేదు. కాళ్ళు మాత్రం వాగులోకి దిగాయి.

కొస దగ్గర ‘నేను కొండెక్కలేదు, నన్ను లెక్కలోకి తీసుకోకండి’ అని చెప్పేద్దామనే అనుకుంది. దారి పొడుగునా ఆ మాటను లోపల వల్లె వేసుకుంటూనే వచ్చింది. కానీ తాడు దాటగానే చప్పట్లు మోగాయి. నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు నడిపే ఆమె భర్త సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ పెద్దగా నవ్వనివాడు, మొహమంతా నవ్వుతో మూడు వేళ్ళు చూపించాడు. డ్రిల్లు మాస్టారు మెడలో మెడల్ వేసేశారు. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. అయిదు నిమిషాలకు ఆడపడుచు వచ్చింది, నాలుగోదిగా. నన్నెప్పుడు దాటావు వదినా అని అడగను కూడా అడగలేదు. వచ్చీ రావడంతోనే వదిన మెడలో మెడల్ చూసి కావలించుకుంది.

కాసేపటికి కొండ మీది కాగితం కిందికి వచ్చింది. అందులో సూదమ్మ నంబరు లేదు. డ్రిల్లు మాస్టారు మంచి మనిషి. రాసేవాళ్ళే మరచిపోయి ఉంటారన్న నమ్మకంతోనే, అందరూ ఉండగా అడిగారు.

“మీ నంబరు పైన పడలేదమ్మా. గుడారం దగ్గర ఆగారు కదా?”

పాతిక జతల కళ్ళు ఆమె మీదికి తిరిగాయి. భర్త చేతిలో సీసా అలాగే ఉంది.

“దారిలో ఎలుగుబంటి ఉందండి,” అంది సూదమ్మ. “వాగులో దిగి వచ్చాను.”

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు నమ్మకం కలగలేదు. కానీ వచ్చేసింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆవిడ చెప్పింది మరీ బాగా అతికింది. ఎంత దూరంలో అని ఒకరు, ఏం చేసిందని ఇంకొకరు అడుగుతుంటే, పుస్తకాల్లో చదివినవన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ముప్పై అడుగుల దూరం. పుట్ట తవ్వుతోంది. తనను చూసి వెనక్కాళ్ళ మీద లేచింది. ఛాతీ మీద తెల్ల మచ్చ. డ్రిల్లు మాస్టారు తెల్లబోయారు. ప్రాణాపాయం వచ్చినప్పుడు దారి తప్పడం తప్పు కాదని, మెడల్ ఆమెదేనని అక్కడికక్కడే తేల్చారు. ఆడపడుచు మాత్రం ఉన్నచోటే కూర్చుండిపోయింది. ఆ ఎలుగు ఉన్న కొండ మీద తను ఒంటరిగా నాలుగు కిలోమీటర్లు పరుగెత్తింది మరి.

ఆ మధ్యాహ్నమే భర్త గోడకు మేకు కొట్టి మెడల్ తగిలించాడు. సూదమ్మ ఆ రోజు రిజిస్టరు తెరవలేదు.

అక్కడితో ఆగిపోతుందనుకుంది. సోమవారం ఉదయం పదిన్నరకు రేంజి ఆఫీసరు ల్యాబుకు వచ్చాడు. మాస్టారే అటవీ ఆఫీసులో చెప్పారట. ఆఫీసరు వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. నిరుడు కామెర్లొచ్చినప్పుడు ఇదే కుర్చీలో కూర్చుని ఆమెచేత రక్తం తీయించుకున్నాడు. ఈ గుట్టల్లో ఎలుగు ఉన్నట్టు రికార్డుల్లో ఎక్కడా లేదని చెప్పి, చూసింది చూసినట్టు రాసివ్వమన్నాడు.

“ఇంకెవరైనా అయితే నల్లకుక్కను చూసి జడుసుకున్నారనుకునేవాణ్ణి. మీరు చెప్పారు కాబట్టే బోను తెప్పిస్తున్నాను మేడమ్.”

సూదమ్మ రాసింది. అనుమానమున్న చోట సంతకం పెట్టని మనిషి, అనుమానమే లేని అబద్ధం కింద సంతకం పెట్టింది. పట్టుకున్న ఎలుగును ఏం చేస్తారని అడిగింది. మత్తిచ్చి, లారీలో దూరపు అడవికి తీసుకెళ్ళి వదిలేస్తామన్నాడు. లేనిదాన్ని ఎలా పట్టుకుంటారులే అని ఆమె ధైర్యం చెప్పుకుంది. నాలుగు రోజులు ఖాళీ బోను పెట్టి వాళ్ళే విసిగి తీసేస్తారు. ఎవరికీ నష్టం లేదు. మంగళవారం నాటికి అడవిదారి గొలుసుకు తాళం వేసి, ప్రవేశం లేదని బోర్డు పెట్టారు.

బుధవారం ల్యాబు తెరిచేసరికి మెట్ల మీద అడవి కాపలాదారు కూర్చుని ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, ఎండిన చింతబరికెలా ఉంటాడు. ఆదివారాలు గొలుసు తీసేది ఆయనే. సూదమ్మ ఏ గుర్తు చూసి ఆగినా ఆయన దూరం నుంచి గమనించేవాడు. ఎప్పుడైనా ఏదో జంతువు పేరు ఒక్క మాటలో చెప్పి వెళ్ళిపోయేవాడు. అంతకు మించి ఇద్దరికీ మాటల్లేవు. అందరితో పాటు చీటీ తీసుకుని, తన వంతు వచ్చినప్పుడు లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు. డాక్టరు రాసిన కాగితం ఏదని అడిగితే తలుపు వైపు చూశాడు.

“పరీక్ష కోసం రాలేదమ్మా. ఒక్క మాట అడగాలి.” గొంతు తగ్గించాడు. “దానికి ఎడమ చెవి చీలి ఉందా?”

మూలన రక్తం తిప్పే యంత్రం గుయ్యిమని తిరుగుతోంది. సూదమ్మకు ముందు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమైనప్పుడు, తను అల్లిన ఎలుగు నిజంగానే ఉందని తెలిసింది.

“ఉంది,” అంది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. “చిక్కిందా మరీ?”

“లేదు బాబాయ్. బాగానే ఉంది.”

ముసలాయన మడిచిన చేతితోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఆయనే మాట్లాడాడు. ఆరేళ్ళ కిందట మొదటిసారి చూశాడట. ఎక్కడి నుంచి తప్పిపోయి వచ్చిందో, ఒక్కటే ఆడ ఎలుగు. మనుషుల అలికిడి వింటే ముందే తప్పుకునేది. పైకి రాస్తే పట్టుకుపోతారని ఆయన రాయలేదు. దాని గుర్తులు కనిపించినప్పుడల్లా రిజిస్టరులో అడవిపంది అని రాసేవాడు. పరుగు వాళ్ళు వచ్చే ఆదివారాలు తెల్లవారకముందే వెళ్ళి, అది అటు లేదని చూసుకుని మరీ గొలుసు తీసేవాడు. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పుకోలేదు. ఈ వానల్లో రెండు నెలలుగా అది కనిపించలేదు. చచ్చిపోయిందనుకున్నాడు. ఆదివారం సంగతి చెవిన పడ్డప్పుడు సంతోషించాలో ఏడవాలో తెలియలేదన్నాడు.

“ముసలిదైపోయిందమ్మా. ఈ నాలుగు గుట్టలే దాని లోకం. వేరే చోట దింపితే అక్కడి ఎలుగులు దాన్ని బతకనివ్వవు. మీరు పొరపాటు పడ్డానని ఒక్క మాట చెప్పండి. పందిని చూసి ఎలుగనుకున్నానని. మీచేత అబద్ధమాడిస్తున్నాను, తప్పే. మీలాంటి మనిషిని అడగకూడదు.”

సూదమ్మ చెప్తానని మాటిచ్చింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. మెట్లు దిగుతూ ఆగి, దాన్ని చూసిన మనిషి తను కాక ఇంకొకరు ఈ లోకంలో ఉన్నారంటే గుండె తేలికైందన్నాడు. ఆమె లోపలికి వచ్చి చేతులు కడుక్కుంది. చేతి తొడుగులు వేసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు తీసేసి మళ్ళీ కడుక్కుంది. ఆదివారం ఆడినది పరువు కోసం ఆడిన అబద్ధం. అందుకు ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు. ‘బాగానే ఉంది’ అన్నమాటకు మాత్రం ఏ సాకూ దొరకలేదు. చచ్చిందో బతికిందో తెలియని దాని క్షేమసమాచారం, తన కళ్ళతో చూసినట్టు, దానికోసం ఏడ్చే మనిషికి చెప్పింది.

గురువారం మధ్యాహ్నం భోజనం మానేసి రేంజి ఆఫీసుకు వెళ్ళింది. అదృష్టం బాగుంటే, ఒక చిన్న అబద్ధంతో పెద్ద అబద్ధం కొట్టుకుపోతుంది, మెడల్ మేకు మీదే ఉంటుంది, ఎలుగు గుట్టల్లోనే ఉంటుంది. పొరపాటు పడ్డానేమో, అడవిపంది అయి ఉంటుందని మెల్లగా చెప్పింది. ఆఫీసరు నవ్వి, సొరుగులోంచి ఆమె రాసిన కాగితమే తీసి ఆమెకే చదివి వినిపించాడు.

“అడవిపంది వెనక్కాళ్ళ మీద లేస్తుందా మేడమ్? దానికి ఛాతీ మీద తెల్ల మచ్చ ఉంటుందా?”

సూదమ్మ తన చేతిరాత వైపు చూసింది. ఎక్కడా కొట్టివేత లేదు. అక్షరాలు గుండ్రంగా, రిపోర్టు మీద ఉన్నట్టే ఉన్నాయి.

ఆఫీసరు నవ్వు తగ్గించాడు. నిన్న కాపలాదారు ల్యాబుకు వెళ్ళాడని ఎవరో చెప్పారన్నాడు. ఆయనేమైనా వచ్చి బతిమాలాడా, ఆయనకు ఈ సంగతి ముందే తెలిసీ దాచాడా అని అడిగాడు. దాచి ఉంటే ఉద్యోగం పోతుందని కూడా చెప్పాడు. ఆయన షుగరు పరీక్షకు వచ్చాడని సూదమ్మ ఇంకో అబద్ధమాడి బయటపడింది. ఎండలో నడుస్తూ లెక్క వేసుకుంటే అయిదు రోజుల్లో ఎన్ని ఆడిందో ఆమెకే తెగలేదు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒకటి కప్పబోతే ఇంకొకటి బయటపడుతోంది. ఈ మాటు ఆ డొంక కింద ఉన్నది తనొక్కతే కాదు.

ఆ సాయంత్రం ఆడపడుచు ఇంటికి వచ్చింది. నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదని, కళ్ళు మూస్తే వెనకాల ఏదో నడిచి వస్తున్నట్టుందని నవ్వుతూనే చెప్పింది. పరుగు మానేద్దామనుకుంటున్నానంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. సూదమ్మ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు మరిగి సగానికి వచ్చేదాకా అక్కడే నిలబడింది.

శుక్రవారం పదకొండు గంటలప్పుడు ఒకతని మోచేతికి పట్టీ కట్టి సూది పెట్టబోతుండగా, కిటికీలోంచి బోను లారీ కనబడింది. ఇనుప ఊచల బోను. మలుపు దగ్గర లారీ ఆగినప్పుడు దాని తలుపు ఊగి గడగడమంది. ఆమె చెయ్యి కదిలింది. నరం తప్పింది. ‘సూదమ్మకి కూడా తప్పుతుందా’ అని అతను నవ్వాడు. ఆమె దూది పెట్టి నొక్కి, పక్క టేబులు దగ్గరున్న అమ్మాయిని పిలిచి, ఇతని రక్తం నువ్వు తియ్యి అని చెప్పి మెట్లు దిగింది.

అడవి మొదట్లో గొలుసు దగ్గర ఇరవై మంది దాకా ఉన్నారు. బోను చూడ్డానికి వచ్చినవాళ్ళు, పరుగు వాళ్ళు. డ్రిల్లు మాస్టారు అందర్నీ వెనక్కి జరుపుతున్నారు. పోస్టాఫీసు ఎదురుగానే కాబట్టి ఆడపడుచు కూడా వచ్చి నిలబడింది. బోనులో పెట్టడానికి పళ్ళూ తేనెపట్టూ ఉన్న బుట్టను కాపలాదారు నెత్తిన పెట్టారు. ఆయన సూదమ్మను చూశాడు. పొరపాటని చెప్పినా వినలేదు కాబోలు, పాపం మీరేం చేస్తారన్నట్టు తలాడించాడు. ఆ చూపును ఆమె తట్టుకోలేకపోయింది.

ఆఫీసరు దగ్గరికి నేరుగా నడిచింది. పక్కకు పిలిచి చెబుదామనుకుంది. కానీ పక్కకు పిలిస్తే మళ్ళీ ఏం చెబుతుందో తన మీద తనకే నమ్మకం లేదు.

“బోను అక్కర్లేదండి. నేను ఏ ఎలుగునీ చూడలేదు. పందినీ చూడలేదు. పందెంలో కొండెక్కకుండా అడ్డదారిన వచ్చాను. అడిగేసరికి అబద్ధం చెప్పాను.”

గట్టిగా చెప్పలేదు, కానీ అందరికీ వినిపించింది.   లారీ డ్రైవరు, సంగతి తెలియక, బోను ఎక్కడ దింపమంటారని అడిగాడు. మాస్టారు కండువా తీసి మెడ తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. జీపు మీద కాగితం పరిచి, పెన్ను ఇచ్చి, మొదటి నుంచి రాయమన్నాడు. రాసిచ్చాక చదివి, ఇదైనా నిజమేనా అని అడిగాడు. ఇరవై రెండేళ్ళలో ఆమె కాగితాన్ని ఎవరూ అలా అడగలేదు. నిజమేనంది. లారీ వెనక్కి తిరిగింది.

ఆడపడుచు వైపు చూడాలంటే మెడ తిరగలేదు. తిరిగేసరికి ఆమె రోడ్డు దాటి వెళ్ళిపోతోంది.

జనం చెదిరిపోయాక కాపలాదారు బుట్ట దింపి, దాని పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయనకు తెలియంది ఇంకొకటుందని సూదమ్మకు తెలుసు. కాదు, అది కూడా ఆయనకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా ఆయన అడిగాడు, ఆశగా, పిల్లవాడిలా.

“మరి చెవి?”

“మీరు అడిగారు కాబట్టి ఉందన్నాను బాబాయ్.”

“బాగానే ఉందన్నారు.”

“అన్నాను.”

ఆయన తలూపాడు. బుట్టలోంచి కిందపడ్డ పండు ఒకటి తీసి, మట్టి దులిపి, మళ్ళీ బుట్టలో పెట్టాడు. ఎలుగు గుట్టల్లోనే ఉంటుంది, ఉంటే. ఆయన ఉద్యోగమూ ఉంటుంది. కానీ రెండు రోజుల పాటు అది బతికి ఉందన్న నమ్మకంతో తిరిగిన మనిషి మళ్ళీ అది చచ్చిందేమోనన్న చోటికే వచ్చాడు. క్షమించమని అడుగుదామని సూదమ్మ నోరు తెరిచింది. ఆ మాట ఆయన మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించి మూసుకుంది. ఆయన బుట్ట ఎత్తుకుని తన కాపలా చౌకీ వైపు నడిచాడు.

ఆ సాయంత్రం భర్తకు అంతా చెప్పింది. బజార్లో అప్పటికే విన్నాడు గానీ, ఆమె నోట చివరిదాకా విన్నాడు. లేచి మెడల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. మేకు కూడా పీకెయ్యమంది. “ఉండనీ, క్యాలెండరు తగిలిద్దాం,” అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే ఆమె ఏడ్చేది. ఆ మాటకు ఏడవడానికి కూడా వీల్లేకపోయింది.

మెడల్ పట్టుకుని ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. ఆమె గుమ్మంలోనే నిలబడి వింది. లోపలికి రమ్మనలేదు.

“మెడల్ సంగతి కాదు వదినా. నేను కొండ మీద ఒక్కదాన్నే ఉన్నానని నీకు తెలుసు. అది నా వెనకే నడిచిందేమోనని రోజూ హడలిచస్తుంటే, ఎదురుగా కూర్చుని టీ ఇచ్చావు.”

మెడల్ తీసుకోలేదు. సూదమ్మ దాన్ని మాస్టారుకు ఇచ్చి వచ్చింది. మాస్టారు ఏడాది పాటు పందేలకు రావద్దన్నారు. చెబుతున్నప్పుడు ఆయనే తల దించుకున్నారు. నాలుగో స్థానం మూడుగా మారిందని కాగితం అంటించారు. ఆ మెడల్ తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

ల్యాబులో ఎవరూ పైకి ఏమీ అనలేదు. కానీ కుర్చీలో కూర్చున్నవాళ్ళు అంతకు ముందు లేని విధంగా గొట్టం మీది చీటీ వైపు చూసేవారు. ఒకావిడ రిపోర్టు తీసుకుని, ఇంకోచోట కూడా చేయించుకుంటే మంచిదేమోనని పక్కావిడతో అనడం వినిపించింది. మంచిదేనండి, చేయించుకోండని సూదమ్మే చెప్పింది. ఆ రిపోర్టు తప్పు కాదని ఆమెకు తెలుసు. తెలిసీ, నా మాట నమ్మండి అనడానికి నోరు రాలేదు.

పంతొమ్మిదో రోజున ఆడపడుచు తనంతట తనే వచ్చింది, తన అత్తగారికి షుగరు పరీక్ష కోసం చెయ్యి పట్టుకుని మెట్లెక్కించుకుంటూ. సూదమ్మ రక్తం తీస్తున్నంతసేపూ ఆడపడుచు ముసలావిడ భుజం పట్టుకుని నిలబడింది. వెళ్ళేముందు, రిపోర్టు ఎప్పుడిస్తావని అడిగింది. సాయంత్రమంది సూదమ్మ. “ఇంటికే తెచ్చివ్వు, టీ తాగి వెళ్దువు గాని,” అంది ఆడపడుచు. ఇదివరకటి నవ్వు లేదు ఆ మాటలో. మాట మాత్రం ఉంది. ఆదివారాలు ఆమె మళ్ళీ పరుగుకు వెళ్తోందని తర్వాత తెలిసింది, కొత్త స్నేహితురాళ్ళతో.

సూదమ్మ పనిరోజుల్లో, పనికి ముందు, ఒక్కతే వెళ్ళేది. పరుగెత్తడం తగ్గించింది. చాలావరకు నడకే. చూసినవి చూసినట్టే ఉన్నాయి: బొరియ ముందు చెవులు నిక్కించిన కుందేలు, ఎండకు బండెక్కిన ఉడుము, తొర్రలో పగటి నిద్రకు సర్దుకునే గుడ్లగూబ. రిజిస్టరులో రాయడం మాత్రం మానేసింది. వాగు దగ్గరికి వచ్చినప్పుడు ప్రతిసారీ కొండెక్కేది, ఎవరూ చూడకపోయినా. దానివల్ల ఏదీ చెల్లదని తెలిసే ఎక్కేది.

కాపలాదారు గొలుసు తీసి నమస్కారం పెట్టేవాడు. అంతే. ఇదివరకులా ఏ జంతువు పేరూ చెప్పేవాడు కాదు. మూడు నెలలు పోయాక, చలి ముదిరిన ఒక ఉదయం, ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా బురదతో కొండ వైపు నుంచి దిగి వస్తూ ఎదురుపడ్డాడు. ముఖంలో అలసట ఉంది. అలసట కింద ఇంకేదో కూడా ఉందనిపించింది. అది సంతోషమో, కొండెక్కి దిగిన ఎరుపో ఆమె తేల్చుకోలేకపోయింది. ఎన్నాళ్ళ నుంచో అడగకూడదనుకున్నది అడిగేసింది.

“ఏమైనా కనబడిందా బాబాయ్?”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు. ఆదివారాల్లో ఎవరో కొత్తవాళ్ళు దారి అడిగితే చూసినట్టు చూశాడు.

“తెలీదమ్మా,” అన్నాడు.

నిజంగానే తెలియదో, తెలిసీ ఆమెకు చెప్పదలచుకోలేదో. రెండోసారి అడిగే హక్కు తనకు లేదని సూదమ్మకు తెలుసు. సరే బాబాయ్ అని పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఆయన చౌకీ వైపు వెళ్ళిపోయాడు. ఆమె తొమ్మిదింటికల్లా ల్యాబు తెరవాలి కాబట్టి, మెల్లగా పరుగందుకుంది.